ప్రపోజల్‌లో సమస్య రాసేటప్పుడు... ఒక తమ్ముడికి

తమ్ముడూ,

గ్రాంటు కోసం నువ్వు రాసిన ప్రపోజల్ డ్రాఫ్ట్ రాత్రి కూర్చొని మొత్తం చదివినా. భాషకేం వంక పెట్టేది లేదు, కానీ సమస్య సెక్షన్‌ని 1800లో నిజాం మన సీమని ఇంగ్లీషోళ్లకి అప్పజెప్పిన కాడ మొదలుపెట్టి 1876-78 కరువు దాటేసరికి రెండు పేజీలు అయిపోయినాయి, మన చెనిక్కాయ (వేరుశనగ) రైతు ఇంకా రానేలేదు! చదివే ఆ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకి పెట్టే డబ్బు చూసే) మేడంకి కావాల్సింది చరిత్ర కాదప్పా, ఎవరికి, ఏ ఊర్లో, ఎంత నష్టం, ఎందుకు జరుగుతాంది, అంతే.

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మి.మీ. వాన అని రాసినావు, రైటే, కానీ ఎంత గ్రాంటు ఇచ్చినా వాన పెరగదు కదా. మనం పట్టుకోవాల్సింది ఇంకోటి. చెనిక్కాయ చెట్టుకి ఊడలు (కాయ పట్టేకి భూమిలోకి దిగే కాడలు) దిగే టైంలో రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే కాయ పట్టదు, అప్పుడు ఒక్క తడి పెడితే పంట చాలావరకు నిలబడుతుంది, నువ్వు చెప్పిన ఊర్లలో ఉపాధి హామీ కింద తవ్విన ఫారంపాండ్లలో (పొలంలో వాన నీళ్లు నిలిపే గుంతల్లో) నీళ్లున్నా సమయానికి నీళ్లు తోడే ఇంజిన్ దొరక్క, పైపులు లేక ఆ తడి పెట్టలేకపోతాండారు. ఇదీ సమస్య అంటే. అట్లని "ఇంజిన్లు లేవు" అనే హెడ్డింగ్ పెట్టొద్దు, ఇంజిన్లు కొనేకే సమస్య పుట్టించినట్టు ఉంటుంది. పంట పోవడం సమస్య, ఇంజిన్ దొరక్కపోవడం దానికి ఒక కారణం. ఇంకా ఏమేం కారణాలున్నాయో రైతుల్నే అడుగు.

లెక్కల కాడ జాగ్రత్త. 2011 జనాభా లెక్కలు, 2019-21 నాటి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) జిల్లా లెక్కలు రెండూ ఉమ్మడి జిల్లావి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది, నువ్వేమో పాత అంకె తెచ్చి ఇప్పటి అనంతపురం జిల్లా అని వేసేసినావు. తెలిసినోళ్లు అక్కడే పట్టుకుంటారు. అయినా మూడు ఊర్ల పనికి జిల్లా జనాభా ఎందుకు చెప్పు? రైతు సేవా కేంద్రంకి పోయి ఈ-క్రాప్‌లో (ఏ పొలంలో ఏ పంట వేసినారో సర్కారు ఎక్కించే లెక్కలో) ఆ ఊర్లకి చెనిక్కాయ ఎన్ని ఎకరాలు ఎక్కిందో అడుగు, ఆ ఒక్క అంకె పది పేరాల పెట్టు.

ఇంక ఆబ్జెక్టివ్స్. "200 మంది రైతులకు శిక్షణ ఇచ్చుట" అనేది నువ్వు చేసే పని, అది యాక్టివిటీస్‌లోకి పోవాల. ఆబ్జెక్టివ్ అంటే ఆ పని చేసినాక రైతు కాడ ఏం మారుతుందో అది. ఇట్లా రాయి: "రెండో ఖరీఫ్ అయ్యేసరికి ఈ మూడు ఊర్లలో పాండ్ ఉన్న రైతుల్లో సగం మందైనా ఊడల దశలో వాన లేకపోతే ఒక తడి పెట్టుకోగలగాలి." ఎవరు, ఎక్కడ, ఎప్పటికి, ఎంత, అన్నీ అందులోనే ఉన్నాయి చూడు. సగం అనేది నేను ఉత్తగా వేసినా, ఇప్పుడు ఎంతమంది పెడతాండారో తెలిస్తేనే అసలు టార్గెట్ ఎంతో తేలేది. "చైతన్యం కలిగించుట", "సాధికారత సాధించుట" రెండూ కొట్టేయ్, ఏడాది తర్వాత వాటిని ఏ తక్కెట్లో తూచి చూపిస్తావు? ఆరు ఆబ్జెక్టివ్స్ పెట్టినావు, రెండు చాలు, నాలుగోదానికైతే పైన సమస్యలో ఒక్క ముక్క కూడా లేదు.

ఆదివారం లోపల మూడు ఊర్లూ తిరిగి పాండ్లు ఎన్నో, పోయిన ఖరీఫ్‌లో తడి పెట్టినోళ్లు ఎంతమందో రాసుకోనిరా, పెట్టనోళ్లని ఎందుకు పెట్టలేదో కూడా అడుగు. అంతవరకు బడ్జెట్ షీట్ తెరవొద్దు.

మీ అన్న