ఆరు నెలల్లో మీకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయి?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): మాది పల్నాడు ప్రాంతంలోని ఒక గ్రామం. 1974లో ఊరి రైతు ఒకాయన మా క్రైస్తవ సంఘానికి నలభై సెంట్లు నోటిమాటగా ఇచ్చారు. సగంలో మందిరం కట్టుకున్నాం, మిగతాది సమాధుల తోట. ఇప్పుడు ఆయన మనవడు తోట భాగాన్ని ఒక వ్యాపారికి రిజిస్టరు చేశాడు. మార్చి 9న రాళ్లు పాతి కంచె వేశారు. ఏప్రిల్‌లో గేటుకు తాళం పడింది. మా అమ్మ సమాధి మీద పువ్వు పెట్టుకునే దిక్కు లేదు. కలెక్టరేట్‌లో నాలుగు అర్జీలిచ్చాం. రాజ్యాంగం ఇచ్చిన మత స్వేచ్ఛ మాకు వర్తించదా? పాత స్టాంపు కాగితం తెచ్చి దానపత్రం సృష్టిద్దామని ఒకరు చెబుతున్నారు. చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలుంది. అందులో నాకు పనికొచ్చింది ఒక్క ముక్క: మార్చి 9. దాన్ని మీరు మధ్యలో ఎక్కడో రాసి దాటిపోయారు.

స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని సెక్షన్ 6 ఏమంటుందంటే, స్థిరాస్తి మీ స్వాధీనంలో ఉండగా, మీ సమ్మతి లేకుండా, చట్టప్రకారం కాకుండా ఎవరైనా మిమ్మల్ని వెళ్లగొడితే, ఆరు నెలల లోపు దావా వేసి తిరిగి తీసుకోవచ్చు. భూమి ఎవరిదన్న ప్రశ్న అందులో రాదు. అవతలివారి దగ్గర రిజిస్టరు దస్తావేజు ఉన్నా అదే మాట. ఆ దావాలో వచ్చే డిక్రీపై, అంటే కోర్టు తుది ఉత్తర్వుపై, అప్పీలు లేదు. హక్కు తమదేనంటే వారు వేరే దావా వేసుకోవాలి. దానపత్రం లేని మీకు ఇంతకంటే అనుకూలమైన దారి లేదు.

గడువు సెప్టెంబరు 9తో అయిపోతుంది. తాళం ఏప్రిల్‌లో కదా పడింది అనకండి. స్వాధీనం పోయింది కంచె వేసిన రోజే అని అవతలి వకీలు వాదిస్తాడు, కాబట్టి ముందు తేదీనే లెక్కలోకి తీసుకోండి. ఈ గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడిగే వీలు కూడా లేదు. కాలపరిమితి చట్టంలోని సెక్షన్ 5 దావాలకు వర్తించదు. కలెక్టరేట్ కోర్టు కాదు గనుక అర్జీల చుట్టూ తిరిగిన రోజులూ మినహాయింపు కావు. ఆ నెలలన్నీ మీరే పోగొట్టుకున్నారు.

మత స్వేచ్ఛ సంగతి. మత సంస్థలు ఆస్తి కలిగి ఉండవచ్చని ఆర్టికల్ 26 చెబుతుంది, కానీ దాని నిర్వహణ చట్టానుసారం ఉండాలని అదే ఆర్టికల్ అంటుంది. మీకు లేని హక్కును అది సృష్టించదు. స్థిరాస్తి దానానికి రిజిస్టరు పత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలని ఆస్తి బదిలీ చట్టంలోని సెక్షన్ 123 శాసిస్తోంది. ముస్లింలు తమ మత చట్టం ప్రకారం చేసే దానానికి (హిబా) అదే చట్టంలోని సెక్షన్ 129 మినహాయింపు ఇస్తుంది, మీకు లేదు. అంటే 1974 నాటి మాట దానంగా చెల్లదు. అయినా అది వృథా కాదు. చెల్లని దానమైనా, స్వాధీనం ఏ తీరులో మొదలైందో చూపడానికి పనికొస్తుందని 1919లో మద్రాసు నుంచి వెళ్లిన వరదపిళ్లై కేసులో, అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ అంగీకరించింది. మాదే అనుకుని పన్నెండేళ్లకు పైగా నిరాటంకంగా ఉన్నామని (దీన్నే ప్రతికూల స్వాధీనం అంటారు) రుజువు చేస్తే హక్కు వాదన నిలుస్తుంది. సెక్షన్ 6 దావా కాకుండా, ఆ హక్కు ఆధారంగా మీరే వేరే దావా వేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో చెప్పింది. అయితే "ఆయన దయతో ఉండనిచ్చారు" అని ఎక్కడా రాయకండి, సాక్ష్యంలోనూ అనకండి. అనుమతితో ఉన్నవాడి స్వాధీనం ప్రతికూల స్వాధీనం కాదు. మీ ఉత్తరంలో ఆ మాట రెండుసార్లు వచ్చింది.

ఇక పాత స్టాంపు కాగితం. ఆ సలహా ఇచ్చిన మనిషిని మీ గడప తొక్కనివ్వకండి. స్టాంపు విక్రేత రిజిస్టరు, సిరా, రాత చెప్పే కథ ఒకటి, మీ సాక్షులు చెప్పేది మరొకటి అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 338 కింద విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే యావజ్జీవ శిక్ష దాకా పడవచ్చు. అంతకు ముందే మీ నిజమైన యాభై ఏళ్ల స్వాధీనాన్ని కూడా కోర్టు నమ్మడం మానేస్తుంది. రాత్రిపూట తాళం పగలగొట్టాలన్న ఆలోచన కూడా ఎవరికైనా ఉంటే ఆపండి.

మీ దగ్గర ఉన్న సాక్ష్యం ఏమిటో చూడండి. సమాధి రాళ్లపై చెక్కిన తేదీలకు మించిన సాక్షి దొరకదు, అందుకే కంచె వేసినవాడు వాటిని పీకకముందే కదలాలి. దావాతో పాటే, స్థలం చూసి కోర్టుకు నివేదిక ఇచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ను నియమించమని, తోట స్వరూపం మార్చకుండా మధ్యంతర ఉత్తర్వు ఇవ్వమని అర్జీలు వేయండి. మందిరం కరెంటు బిల్లులు, పన్ను రసీదులు తీయండి. పక్క పొలాల పాత దస్తావేజుల్లో హద్దులు చదవండి. తూర్పున "క్రైస్తవుల సమాధులు" అని ఎవరో ఒకరు రాసే ఉంటారు, మీ మాట కంటే వారి హద్దుకే విలువ ఎక్కువ. మార్చి 9న ఫోనులో తీసిన ఫొటోలు ఉంటే ఆ ఫోను అమ్మకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రానికి అవసరమవుతుంది. సమాధులను ధ్వంసం చేస్తే న్యాయ సంహిత సెక్షన్ 301 కింద పోలీసు ఫిర్యాదు వేరే ఇవ్వండి.

మీ సంఘం రిజిస్టరు కాలేదన్నారు. యాభై ఏళ్లు ఏం చేశారో నాకు అర్థం కాలేదు. ఇప్పుడు హడావిడిగా కొత్త సొసైటీ పెట్టి దాని పేర దావా వేయకండి, 1974 నుంచి స్వాధీనంలో ఉన్నది ఆ సొసైటీ కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1, రూల్ 8 కింద నలుగురైదుగురు సంఘస్తులు అందరి తరఫునా కోర్టు అనుమతితో వేయాలి. పాస్టరు ఒక్కడి పేర వద్దు. రేపు ఆయన బదిలీ అయితే దావా కూడా వెంట వెళ్తుంది.

కొనుగోలుదారు సేల్ డీడు నకలు, ఈసీ (ఆ భూమిపై రిజిస్టరైన లావాదేవీల జాబితా) రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకుని, ఈ వారమే సివిల్ వకీలును కలవండి. సెప్టెంబరు 9 వరకు ఆగకండి.