పేరు చెరిగిపోయిన పాత గాలపు కర్ర ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?

తాతగారి అటక మీద మూడు ముక్కల గాలపు కర్ర దొరికింది, వెదురే గానీ ఆరు పలకలుగా ఉంది, ముక్కలు కలిసే జోడు దగ్గర ఏదో వింతగా ఉంది, కంపెనీ పేరు కనబడట్లేదు, చేసింది ఎవరు అని కదా మీ ప్రశ్న. కంపెనీ సంగతి తర్వాత. ముందు ఆ వింతగా ఉన్న చోటే చూడండి. అక్కడ పడింది మన వైపు మనిషి చెయ్యే కావచ్చు. మా ఇంట్లో కర్ర విషయంలో అదే తేలింది.

మా చిన్నాన్న వాళ్ళది కళింగపట్నం దగ్గర. రేవు నడిచిన రోజుల్లో ఎవరో దొర వెళ్ళిపోతూ ఆ కర్ర మా తాతకిచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. వంశధార మొగలో పండుగప్ప చేపల కోసం తాత దాన్నే పట్టుకెళ్ళేవాడు. ఆయన పోయాక వసారాలో దూలానికి కట్టేశారు. ఒక సంక్రాంతికి నేను వెళ్ళేసరికి పాత సామాన్లు కొనే బేరగాడొకడు దాన్ని అరుగు మీద పరుచుకుని కూర్చున్నాడు. పిడి అడుగున ఉన్న ఇత్తడి టోపీ చూపించి, "ఇదిగో, ఈలీ, లండన్ అని రాసుంది. ఇది ఈలీ కంపెనీ కర్ర, పన్నెండో నంబరు రకం" అంటున్నాడు. చిన్నాన్న తలూపుతున్నాడు.

నేను కర్ర తీసుకుని టోపీని ఎండకి తిప్పాను. అక్షరాలు నిజమే, అంచు చుట్టూ ఉన్నాయి. సరిగ్గా నడిమధ్యన రాగి బొట్టు, ఆ బొట్టులో మినపగింజంత సొట్ట. గాలపు కర్ర అడుగున అలాంటి సొట్ట ఎందుకుంటుంది? అది తుపాకీ మేకు కొట్టిన గుర్తు. ఈలీ వాళ్ళు లండన్‌లో తూటాలు చేసినవాళ్ళు. 12 అంటే తుపాకీ గొట్టం కొలత. కాల్చేసిన తూటా అడుగుభాగం కోసి ఎవరో కర్రకి తొడిగారు.

"చిన్నాన్నా, తాతకి తుపాకీ ఉండేదా?" అన్నాను.

"మీ తాతకేటి, తుపాకీ ఏటి? దొరలు బాతుల ఏటకెల్తే ఎనకాల ఎల్లీవోడు. కాలిపోయిన తూటాలు ఏరుకొచ్చి మాకు ఆడుకోడానికిచ్చీవోడు" అన్నాడు. బేరగాడు మరి మాట్లాడలేదు.

మధ్య జోడు విప్పితే ఇంకా తేలిపోయింది. కంపెనీ వాళ్ళు జోడుకి వాడే ఇత్తడి గొట్టానికి అతుకుండదు. దీనికి లోపల నిలువునా టంకం గీత ఉంది, వేలిగోటికి తగులుతుంది. రేకు చుట్టి, అతికి, పైన ఆకురాయితో నున్నగా రాసేశారు. ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితి మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అది బుడితి పనివాళ్ళ చెయ్యే అని నా గట్టి నమ్మకం. కొస ముక్క అయితే ఉత్త గుండ్రటి వెదురు, కణుపులతో సహా. అసలు కొస ఎప్పుడో విరిగితే మనవాళ్ళు కట్టింది.

కింది రెండు ముక్కలే ఇంగ్లండువి. వెదురుని ఆరు బద్దలుగా చీల్చి సరేసుతో అతికిన పని. తడిగుడ్డతో తుడిచి, పొద్దువాలే ఎండలో పక్కనుంచి చూస్తే పిడికి కొంచెం పైన, వార్నిష్ కింద, సిరాతో రాసిన 'పలకోనా' అన్న మాటలో సగం కనబడింది. అది హార్డీ బ్రదర్స్ వాళ్ళ గుర్తు. ఆల్నిక్ ఊళ్ళో 1872లో మొదలైన కంపెనీ. మిగతా సగం ఏమైందంటారా? ఇంటికి రంగులేసినప్పుడు తలుపులకి పాలిష్ పెట్టడానికొచ్చిన మేస్త్రి ఎవరూ చెప్పకుండానే దీనికీ ఎమెరీ పేపరు పట్టించేశాడు. ఎన్నో ఏళ్ళు ఉప్పుగాలికి నిలిచిన రాత ఒక్క పూటలో పోయింది. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. పాతది కనిపిస్తే చాలు, మెరిపించాలి మన జనానికి! ఇత్తడిని చింతపండేసి తోమడం కూడా అంతే, అక్షరాలు అరిగిపోతాయి.

మీ దానిమీద పేరు దొరికినా తొందరపడకండి. అది అమ్మిన దుకాణం పేరు కావచ్చు. రెడిచ్ ఊళ్ళో ఆల్‌కాక్ లాంటి వాళ్ళు కర్రలు చేసిస్తే దుకాణాలు తమ పేరు వేసుకుని అమ్మేవి. వెదురు మీద అక్కడక్కడా కాల్చిన మచ్చలుంటే అది కలకత్తా వెదురు, అంటే బాగా పాత కర్ర. తర్వాత చైనా నుంచి టోంకిన్ వెదురు తెప్పించుకున్నారు. పట్టుదారం చుట్లు కర్ర పొడుగునా దగ్గర దగ్గరగా ఉన్నా పాతదనే అర్థం, సరేసు ఊడిపోతుందన్న భయంతో అలా చుట్టేవాళ్ళు.

 

సరే, మీరు చెయ్యాల్సింది ఇది. అడుగు టోపీ, జోడు గొట్టం లోపలి భాగం, పిడికి పైన జానెడు మేర, ఈ మూడింటికీ పగటి వెలుగులో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. జోడు బిగుసుకుపోయి ఉంటే మెలితిప్పకండి, బద్దలు విడిపోతాయి. తిన్నగా లాగండి. రాకపోతే అలాగే ఫోటో తియ్యండి, బయటి అతుకు కనిపించినా చెప్పేస్తాను.