అనంతపురం హోటల్లో కిచెన్ స్టీవార్డ్ ఉద్యోగం: మీ తమ్ముడు చేరవచ్చా?

ఇంటర్ పూర్తి చేసిన మీ తమ్ముడికి అనంతపురంలోని ఒక హోటల్లో కిచెన్ స్టీవార్డ్ ఉద్యోగం వచ్చిందనీ, చదువుకున్నవాడు గిన్నెలు కడగడమేమిటని ఇంట్లో పెద్దలు వద్దంటున్నారనీ రాశారు. నేను ఇదే ఊళ్లో ఒక హోటల్ రెస్టారెంటులో రెండేళ్లు ఆ పని చేసి, తర్వాత అదే వంటగదిలో కమీగా, అంటే చెఫ్ కింద పనిచేసే వంట సహాయకుడిగా చేరాను కాబట్టి, అనుభవంతో తెలిసినది చెబుతాను.

ముందు పేరు సంగతి. మన దగ్గర స్టీవార్డ్ అంటే ఆర్డరు తీసుకుని వడ్డించేవాడని అర్థం. కిచెన్ స్టీవార్డ్ వేరు. అతని చోటు వంటగది వెనుక, తొట్ల దగ్గర. పెద్దలు అనుకుంటున్నట్టు అది గిన్నెలు కడిగే పనే. కానీ వందలమంది తిన్న పళ్లెంలో మరొకరికి అన్నం పెట్టాలంటే ఆ కడగడం ఒక పద్ధతిగా జరగాలి, దాన్ని నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఎంగిలి తీసేసిన పాత్ర మొదటి తొట్టిలో సబ్బు కలిపిన వేడినీళ్లలోకి, రెండో తొట్టిలో మంచినీళ్లలోకి, మూడో తొట్టిలో కొలత ప్రకారం క్లోరిన్ కలిపిన నీళ్లలోకి వెళ్లాలి. ఆ తర్వాత గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి, ఎందుకంటే నలుగురు వాడిన గుడ్డ కడిగిన పళ్లేన్ని మళ్లీ మైలపరుస్తుంది. వేడినీటితోనే క్రిములను చంపే యంత్రమైతే చివరిసారి పడే నీళ్లు సుమారు 82 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. రాగి సంగటి అడుగంటిన డేగిశాలో నేను మొదట్లో వేడినీళ్లు పోసేవాణ్ణి. పిండి మరింత జిగురై పట్టుకునేది. అక్కడ ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక అక్క, చన్నీళ్లు పోసి అరగంట నానబెట్టి చెక్క గరిటెతో గీకమని చూపించింది, పొర మొత్తం ఊడి వచ్చింది. నాటుకోడి పులుసు గిన్నెకు మాత్రం వేడినీళ్లే కావాలి, లేకపోతే కొవ్వు గడ్డకట్టి తొట్టి నిండా అంటుకుంటుంది. మా బోరునీళ్లలో ఉప్పులెక్కువ కాబట్టి ఎంత కడిగినా గాజు గ్లాసులు తెల్లగా కనిపించేవి. వారానికోసారి వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెడితేనే ఆ మరక పోయేది.

కష్టం గురించి దాచను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు వరకు, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు వరకు కూర్చునే వీలుండదు. పెళ్లిళ్ల రోజుల్లో ఇంకా ఎక్కువ. చేతి తొడుగులు లేకుండా పనిచేసిన మొదటి నెలలో నా వేళ్ల సందులు చిట్లిపోయాయి. ఒక రాత్రి ఎవరో సబ్బు నురగలో కత్తి వదిలేశారు, అది కనిపించక నా అరచేయి తెగింది. కత్తిని ఎప్పుడూ తొట్టిలో వేయకూడదు, విడిగా చేతిలో పట్టుకుని కడిగి పెట్టాలి. అంతకంటే ముఖ్యం, నేల కడగడానికి వాడే యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎన్నడూ కలపవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. వాటి నుంచి వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

జీతం ఎంతని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయలు మించనివారికి ఈఎస్ఐ, అంటే జబ్బు చేసినా గాయమైనా వైద్యం అందించే ఉద్యోగుల బీమా, వర్తిస్తుంది. నా అరచేతికి కుట్లు పడిన రోజున ఆ కార్డు విలువ నాకు తెలిసింది. ఆహారం ముట్టుకునే పనివాళ్లకు ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలని 2006 నాటి ఆహార భద్రత చట్టం కింది నిబంధనలు చెబుతున్నాయి, అది చేయిస్తున్నారా అని కూడా అడగండి.

ముందుకు వెళ్లే దారి ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఉల్లిపాయలు తరగనిస్తారా అని నేను చెఫ్‌ను అడిగేవాణ్ణి. అలా కత్తి పట్టడం వచ్చాక కమీగా తీసుకున్నారు. అడగనివాళ్లు తొట్టి దగ్గరే ఉండిపోవడం కూడా చూశాను.

చేరే ముందు మీ తమ్ముణ్ణి మధ్యాహ్నం మూడున్నరకు, భోజనాల రద్దీ తగ్గాక, ఒకసారి ఆ వంటగది వెనక్కి వెళ్లి చూసి రమ్మనండి. మూడు తొట్లు, వేడినీళ్లు, కాలు జారని నేల, పనివాళ్ల చేతులకు తొడుగులు కనిపిస్తే నిశ్చింతగా చేరమనండి. అవి లేకపోతే మరో హోటలు వెతకడమే మంచిది.