జ్యూస్‌లో ఒక మాడ్యూల్ లోపలి సర్వీసు ఇంకో మాడ్యూల్‌కి కనపడకుండా ఎలా దాచాలి?

మీ ఇబ్బంది ఇది: జావా క్లాసులకి కావలసిన ఆబ్జెక్టులను అందించే లైబ్రరీ అయిన గూగుల్ జ్యూస్‌లో బిల్లింగ్ మాడ్యూల్‌కీ రిపోర్టింగ్ మాడ్యూల్‌కీ వేరువేరు డేటాసోర్సులు (డేటాబేస్ కనెక్షన్లు ఇచ్చేవి) కావాలి, రెండింట్లోనూ బైండ్ చేస్తే, అంటే ఏ టైప్ అడిగితే ఏది ఇవ్వాలో రాస్తే, బైండింగ్ ముందే ఉందంటూ ఇంజెక్టర్ (ఆబ్జెక్టులను తయారుచేసి ఇచ్చేది) ఆగిపోతోంది.

మామూలుగా మాడ్యూళ్లు రాసే అబ్‌స్ట్రాక్ట్‌మాడ్యూల్ కోడ్‌ని విడదీస్తుంది కానీ గోడ కట్టదు. ఎన్ని మాడ్యూళ్లు ఇన్‌స్టాల్ చేసినా బైండింగులన్నీ ఒకే పట్టికలో పడతాయి. అక్కడ గుర్తు అంటే టైప్, దానికి అనొటేషన్ ఉంటే అదీ. అంతే.

రెండు మాడ్యూళ్లనూ ప్రైవేట్‌మాడ్యూల్ (తనకంటూ లోపలి ఇంజెక్టర్ ఉండే మాడ్యూల్) నుంచి ఎక్స్‌టెండ్ చేయండి. డేటాసోర్స్, రిపాజిటరీ లోపలే బైండ్ చేసి, బయటివాళ్లకి కావలసినదానికే, ఉదాహరణకి బిల్లింగ్‌లో ఇన్‌వాయిస్‌సర్వీస్ ఒక్కదానికే, ఎక్స్‌పోజ్ రాయండి. ఆబ్జెక్టుని ప్రొవైడ్స్ మెథడ్ తయారుచేసి ఇస్తుంటే దాని మీద ఎక్స్‌పోజ్డ్ అనొటేషన్ పెడితే చాలు. రూట్‌లో, అంటే అన్నిటికంటే పైనున్న ఇంజెక్టర్‌లో, మాత్రం అనొటేషన్ లేని ఉత్త డేటాసోర్స్ బైండింగ్ ఉండకూడదు. పై ఇంజెక్టర్‌లోని బైండింగ్‌ని ప్రైవేట్ మాడ్యూల్ మార్చజాలదు, మళ్లీ అదే ఎర్రర్ వస్తుంది.

అసలు ప్రమాదం ఎర్రర్ రాని చోట ఉంది. ట్యాక్స్‌క్యాష్ అనే సింగిల్టన్ (ఇంజెక్టర్ ఒకే ఒక్కటి తయారుచేసి అందరికీ ఇచ్చే) క్లాస్ ఉందనుకోండి. కన్‌స్ట్రక్టర్‌కి ఆర్గ్యుమెంట్లు లేవు, ఎక్కడా బైండ్ చేయలేదు, రెండు మాడ్యూళ్లూ వాడుతున్నాయి. ఇలా అప్పటికప్పుడు పుట్టే బైండింగ్‌ని జ్యూస్ వీలైనంత పై ఇంజెక్టర్‌లో పెడుతుంది. ఈ క్లాస్‌కి లోపలి సర్వీసులతో పని లేదు కాబట్టి నేరుగా రూట్‌లోకి వెళ్తుంది. ఒకే క్యాష్ ఇద్దరికీ. బిల్లింగ్ రాసిన విలువ రిపోర్టింగ్ చదివేస్తుంది, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. రెండు ప్రైవేట్ మాడ్యూళ్లలోనూ ట్యాక్స్‌క్యాష్‌కి విడిగా ఒక బైండ్ లైను రాయండి, ఎవరి సింగిల్టన్ వాళ్లకి వస్తుంది. బైండర్ మీద రిక్వైర్‌ఎక్స్‌ప్లిసిట్‌బైండింగ్స్ కూడా పిలవండి, అప్పుడు బైండ్ చేయని క్లాసుల్ని జ్యూస్ తనంతట తాను పుట్టించదు. రూట్‌లో పిలిస్తే లోపలి ప్రైవేట్ మాడ్యూళ్లకీ వర్తిస్తుంది, మర్చిపోయినవన్నీ స్టార్టప్‌లోనే బయటపడతాయి.

ఆ తర్వాత ప్రైవేట్ మాడ్యూల్‌లో ముందే కాన్ఫిగర్ అయిందనే ఎర్రర్ వస్తే కంగారుపడి ఎక్స్‌పోజ్ చేసేయకండి. బయటి కోడ్ ఎవరిదో లోపలి వస్తువు అడుగుతోంది. ఆ క్లాస్‌ని వెతికి సరిచేయండి.

ఒకే ప్రైవేట్ మాడ్యూల్‌ని రెండుసార్లు ఇన్‌స్టాల్ చేయాలంటే అనొటేషన్‌ని కన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చి, ఆ అనొటేషన్‌తోనే బైండ్ చేసి ఎక్స్‌పోజ్ చేయండి. మాడ్యూల్‌కి ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ మెథడ్లు రాసి వాటిలో ఆ అనొటేషన్ ఫీల్డ్‌ని వదిలేస్తే, రెండోదాన్ని నకలు అనుకుని జ్యూస్ పక్కన పడేస్తుంది. మల్టీబైండర్ సెట్లు (చాలా మాడ్యూళ్లు తలా ఒకటి చేర్చే సెట్లు) కూడా ప్రైవేట్ గోడ దాటి కలవవు.

చివరగా ఒక టెస్ట్: రూట్ ఇంజెక్టర్‌ని డేటాసోర్స్ అడగండి. కాన్ఫిగరేషన్‌ఎక్సెప్షన్ రావాలి. రాకపోతే ఎక్కడో ఎక్స్‌పోజ్ అయి ఉంది.