కచేరీ సీన్‌లో ప్రేమ కనపడటం లేదన్నారు కదా...

గాయకుడికీ, మృదంగం వాయించే అబ్బాయికీ మధ్య ప్రేమకథ రాస్తున్నానని, కచేరీ సీన్ మాత్రం ఎన్నిసార్లు తిరగరాసినా సినిమాలా వస్తోందని అడిగారు. మీరు పెట్టిన భాగం చదివాను. చిక్కంతా ఆ చూపుల దగ్గరే ఉంది. "కళ్ళు కలిశాయి" అని మూడుసార్లు వచ్చింది. కచేరీలో వాళ్ళు ఎలాగూ ఒకరినొకరు చూసుకుంటూనే ఉంటారండీ, అది వాళ్ళ పని!

తని ఆవర్తనం, అంటే మృదంగం విడిగా వాయించే భాగం, వాడుకోండి. పాట ఆగుతుంది, గాయకుడు తొడ మీద తాళం వేస్తూ కూర్చుంటాడు. ఆదితాళంలో దెబ్బ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. మృదంగం లెక్కలతో ఎన్ని ఆటలాడినా ఆ చెయ్యి తప్పకూడదు. ముగింపుగా మూడుసార్లు వాయించే ముక్తాయింపు మూడోసారి వస్తుండగా మీవాడి చిటికెన వేలు ఒక్క క్షణం ఆలస్యమైందనుకోండి. హాల్లో ఎవరూ గమనించరు. మృదంగం అబ్బాయికి మాత్రం తెలిసిపోతుంది.

తర్వాత క్షేత్రయ్య పదం, అంటే ఆయన రాసిన శృంగార పాట, పాడించండి. నాయిక మువ్వగోపాలుడి కోసం పడే విరహాన్ని మగ గొంతు పాడితే సభలో ఎవరూ నొసలు చిట్లించరు. అంటే మీవాడు మనసులోది మైకులోనే చెప్పేయొచ్చు. పదాలు మామూలుగా తని అయ్యాకే వస్తాయి, వరస కూడా కుదురుతుంది.

ఇంకోటి, కథ 2016లో జరుగుతోంది. స్వలింగ సంబంధాలు నేరం కాదని సెక్షన్ 377పై సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబర్ 6న వచ్చింది. "ఇప్పుడు నేరం కాదుగా" అన్న డైలాగ్ తీసేయండి. అమ్మ పాత్ర జోలికి మాత్రం వెళ్ళకండి, బాగుంది.