పగులు మొన దగ్గర స్ట్రెస్ ఎందుకు ఆగకుండా పెరుగుతోంది?

ప్రశ్న: మధ్యలో 20 మిల్లీమీటర్ల పగులు ఉన్న వెడల్పాటి ఉక్కు పలకను వస్తువును చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, 100 మెగాపాస్కల్స్‌తో రెండు వైపులకూ లాగాను. పగులు మొన దగ్గర ఎలిమెంటు 1 మి.మీ. ఉన్నప్పుడు గరిష్ఠ స్ట్రెస్ 220 మెగాపాస్కల్స్ వచ్చింది. అర మిల్లీమీటరు చేస్తే 310, పావు చేస్తే 440 అయింది. మెష్‌ను (ఆ ముక్కల అల్లికను) ఇంకా ఎంత సన్నం చేయాలి?

జవాబు: ఎంత సన్నం చేసినా ఆ అంకె ఒకచోట నిలవదు. ఎలిమెంటు సగమైన ప్రతిసారీ స్ట్రెస్ దాదాపు 1.4 రెట్లు, అంటే 2 వర్గమూలమంత, పెరగడం మీ ఫలితాల్లోనే కనిపిస్తోంది. పదార్థం బలానికి అనుపాతంగా సాగి, వదిలితే వెనక్కి వస్తుందనుకునే లీనియర్ ఎలాస్టిక్ సిద్ధాంతంలో పదునైన పగులు మొనకు దగ్గరయ్యేకొద్దీ స్ట్రెస్ దూరపు వర్గమూలానికి విలోమంగా పెరిగి, సరిగ్గా మొన వద్ద అనంతమవుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ సిద్ధాంతాన్నే నమ్మకంగా అనుసరిస్తోంది. నిజమైన ఉక్కులోనైతే అక్కడ లోహం కొద్దిగా సాగి, స్ట్రెస్‌ను అంత దూరం పోనివ్వదు. కాబట్టి ఆ గరిష్ఠ స్ట్రెస్‌ను ఏ నివేదికలోనూ రాయకండి.

లోపం గుండ్రంగా ఉంటే కథ వేరు. పోత లోహంలో మిగిలిపోయిన గాలి బుడగ లాంటి దాన్ని పలకలో గుండ్రటి రంధ్రంగా గీస్తే, మెష్ సన్నబడేకొద్దీ దాని అంచున స్ట్రెస్ లాగుతున్న విలువకు మూడు రెట్ల దగ్గర స్థిరపడుతుంది. రంధ్రం కోలగా సాగి మొన పదునెక్కుతున్నకొద్దీ ఈ రెట్ల సంఖ్య ఎలా పెరుగుతుందో ఇంజినీరు ఇంగ్లిస్ 1913లోనే లెక్కగట్టి చూపాడు.

పగులు విషయంలో అడగవలసింది మొన దగ్గరి స్ట్రెస్ తీవ్రతను ఒకే అంకెలో చెప్పే స్ట్రెస్ ఇంటెన్సిటీ ఫ్యాక్టర్, లేదా పగులు కాస్త పెరిగితే విడుదలయ్యే శక్తిని కొలిచే జె-ఇంటిగ్రల్. మీ పలకకు మొదటిదాన్ని కాగితం మీదే లెక్కించవచ్చు: లాగుతున్న స్ట్రెస్‌ను, పై (π), పగులు సగం పొడవుల లబ్ధపు వర్గమూలంతో గుణించాలి. సగం పొడవు 0.01 మీటరు కనుక 17.7 మెగాపాస్కల్ రూట్ మీటర్లు వస్తుంది. చాలామంది ఇక్కడ పూర్తి పొడవు వేసి 25 తెచ్చుకుంటారు, జాగ్రత్త. ఈ విలువను ఆ ఉక్కు ఫ్రాక్చర్ టఫ్‌నెస్‌తో (పగులు పెరగకుండా అది తట్టుకోగల హద్దుతో) పోల్చినప్పుడే పగులు కదులుతుందో లేదో తేలుతుంది.

జె-ఇంటిగ్రల్‌ను రైస్ 1968లో ప్రతిపాదించాడు. మొనను చుట్టిన ఏ వలయం మీద లెక్కించినా దాని విలువ మారదు కనుక, మొన దగ్గర మెష్ చేసే పొరపాటు దీన్ని పెద్దగా తాకదు. పలుచటి పలకకు, ఉక్కు యంగ్స్ మాడ్యులస్ (సాగకుండా నిలిచే బిగువు కొలత) 210 గిగాపాస్కల్స్ అనుకుంటే, ఇది చదరపు మీటరుకు సుమారు 1,500 జౌళ్లు రావాలి. అబాకస్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ, ఉచితంగా దొరికే కోడ్ ఆస్టర్‌లోనూ ఇలాంటి శక్తి లెక్కకు సదుపాయం ఉంది. మొనను ఆనుకున్న మొదటి వలయాన్ని వదిలేసి, తరువాతి వలయాలన్నీ ఒకే విలువ చెబుతున్నాయో లేదో చూడండి. మెష్ సరిపోయిందని నేను నమ్మే గుర్తు అదే. ఇంకా మెరుగు కావాలంటే మొన చుట్టూ రెండో తరగతి ఎలిమెంట్లు (అంచు మధ్యలోనూ ఒక నోడ్, అంటే లెక్క బిందువు, ఉండేవి) పెట్టి, అంచు మధ్యలోని నోడ్‌ను మొన వైపు పావు వంతు దూరానికి జరపండి. 1970ల మధ్యలో వచ్చిన ఈ చిన్న మార్పుతో, ఆ వర్గమూల ధోరణి ఎలిమెంటులోకే వచ్చేస్తుంది.

ప్రశ్న: పగులు పెరిగినప్పుడల్లా మెష్ మళ్లీ గీయాలా?

జవాబు: అక్కర్లేదు. అతికించిన పొరల మధ్య లాగా దారి ముందే తెలిస్తే, ఆ దారి వెంట, జిగురులా పట్టి ఉంచి హద్దు దాటితే విడిపోయే కొహెసివ్ ఎలిమెంట్లు చాలు. దారి తెలియకపోతే, 1999లో బెలిచ్కో బృందం రూపొందించిన ఎక్స్‌ఫెమ్ (విస్తరించిన ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి)లో పగులు ఎలిమెంట్లను కోసుకుంటూ వెళ్తుంది, మెష్ అలాగే ఉంటుంది. పగుళ్లు చీలి, కలిసే చోట ఫేజ్-ఫీల్డ్ పద్ధతి మేలు. కానీ అందులో పగులును కొంత వెడల్పున్న మసక పట్టీగా చూపుతారు కనుక, ఎలిమెంటు సైజు ఆ పట్టీ లెంగ్త్ స్కేల్‌లో (దాని వెడల్పును నిర్ణయించే కొలతలో) సగానికి మించకూడదు. మించితే పదార్థం ఉన్నదానికంటే గట్టిదిగా కనిపిస్తుంది, భద్రత లెక్కల్లో అది ప్రమాదకరమైన దిశలో జరిగే తప్పు.