అన్నం రెండు హస్తాలు, కూర గిన్నెడు

ప్రశ్న: నమస్కారమమ్మా. నా వయసు 66. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటాను. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) 8.1 వచ్చింది. అమ్మాయి పట్టుబట్టడంతో అన్నం పూర్తిగా మానేసి కొర్రన్నం తింటున్నాను. రాత్రి భోజనానికి బదులు రెండు జామకాయలు. బరువు తగ్గాను గానీ కాళ్లలో సత్తువ లేదు. తెల్లవారుజామున చెమటలు పట్టి వణుకు వస్తోంది. “ఈ వయసులో నోరు కట్టుకుని ఏం సాధిస్తారు?” అంటుంది మా ఇంటావిడ. అరవై దాటాక అలవాట్లు మార్చుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మాస్టారూ, ఫలితం మాట తర్వాత. ముందు ఆ వణుకు సంగతి చూడాలి. మీరు తిన్నారా, పస్తున్నారా అన్నది గ్లిమిపిరైడ్‌కు పట్టదు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. భోజనం మానేసి మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేసుకుంటే తెల్లవారేసరికి రక్తంలో చక్కెర పడిపోవచ్చు. మీరు రాసిన చెమటలు, వణుకు సరిగ్గా ఆ లక్షణాలే. రేపే డాక్టరును కలిసి మాత్రల మోతాదు మాట్లాడండి, ఈలోగా రాత్రి భోజనం మానవద్దు. వణుకు వచ్చినప్పుడు షుగర్ మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోండి. మీటరు లేకపోతే చూడకుండానే తాగేయండి. ఆ సమయంలో జామకాయ పనికిరాదు, దానిలోని చక్కెర రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది.

ఇక కొర్రలు. వాటి మీద నాకు కోపమేమీ లేదు, తెల్లబియ్యం కన్నా పీచు ఎక్కువే. కానీ కొర్రల్లోనూ సగానికి పైగా పిండిపదార్థమే. అన్నం తీసేసి అంతే కొర్రన్నం వడ్డించుకుంటే ఎంత మిగులుతుందో లెక్కల మాస్టారికి నేను చెప్పాలా?

మన భోజనంలో అసలు చిక్కు గింజలో లేదు, వాటాలో ఉంది. పప్పుతో ఒక వాయి, కూరతో ఒకటి, చారుతో ఇంకొకటి, చివరికి మజ్జిగ. ప్రతి వాయికీ కొత్తగా అన్నం పడుతుంది, కూర మాత్రం కంచం అంచునే ఉంటుంది. వాయిలు మానకండి. అన్నం మొత్తం మీద రెండు చిన్న హస్తాలకు (వడ్డించే గరిటెలకు) కుదించి, దానికి ముందే గిన్నెడు కూర, కాస్త పప్పు వట్టిగా తినండి. అన్నం ఆఖరున తింటే చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. బియ్యమా కొర్రలా అన్నది అప్పుడు మీ ఇష్టం.

చాలామంది రెండో రోజుకే చేతులెత్తేసేది ఇక్కడే. మన కూరల్లో ఉప్పుకారాలు అన్నంలో కలుపుకోవడానికి సరిపడా పడతాయి. ఆ కూరే గిన్నెడు వట్టిగా తింటే నోరు మండుతుంది, ఉప్పూ ఎక్కువ లోపలికి పోతుంది. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు, అంటే ఇంచుమించు తలకొట్టిన చెంచాడు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆవకాయలోని ఉప్పు కూడా ఆ చెంచాలోదే. అందుకే కూరలో ఉప్పు సగం తగ్గించి, దించాక నిమ్మకాయ పిండండి. బీరకాయలో నానబెట్టిన పెసరపప్పు, సొరకాయలో శనగపప్పు వేయండి. దొండకాయలను నూనెలో వేయించకుండా ఆవిరి మీద మగ్గనిచ్చి, పోపు పెట్టి, వేయించిన నువ్వుల పొడి చల్లండి. మొదట చప్పగానే ఉంటుంది. కొన్ని వారాలకు నాలుక సర్దుకుంటుంది, అప్పుడు హోటలు సాంబారే ఉప్పగా తోస్తుంది.

మీరు తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోయి ఉంటుందని నా అనుమానం. పొద్దున ఇడ్లీకి బదులు కొన్నాళ్లు పెసరట్టు తినండి, ఉప్మా లేకుండా (రాయడానికి నాకూ బాధగానే ఉంది). గుడ్డు తినేవారైతే గుడ్డు, రాత్రికి పెరుగు. నడక మంచిదే, భోజనమయ్యాక పది నిమిషాలు తిరిగినా మేలే. కానీ కండకు అది చాలదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం సాధన చేయండి. తూలు వచ్చినట్లుంటే పక్కన ఎవరినైనా ఉంచుకోండి. ఫలితం ఉంటుందా అని అడిగారు కదా: తొంభై ఏళ్ల వృద్ధుల చేత బరువులెత్తిస్తే కాళ్ల బలం పెరిగిందని 1990లోనే ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. మీరు వారి ముందు కుర్రవారు.

మీ ఇంటావిడ కోపం నోరు కట్టుకోవడం గురించేనా? మీకు కొర్రలు, ఆవిడకు అన్నం అంటూ రెండు వంటలు ఎవరు చేస్తున్నారు? ఇద్దరికీ ఒకే వంట పెట్టించి, కూరలు తరిగే పని మీరు తీసుకోండి.

డాక్టరు దగ్గర రెండు పరీక్షలు అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గిపోవచ్చు, మీ నీరసంలో దాని పాలు కూడా ఉండవచ్చు. రెండోది క్రియాటినిన్, మూత్రపిండాల పనితీరు చూపే పరీక్ష. మూత్రపిండాలు దెబ్బతిని ఉంటే నేను రాసిన పప్పులు, పెసరట్టు లెక్క మారుతుంది, అందుకని ఆ రిపోర్టు చూశాకే పెంచండి.